సంతకు పోయిన సంచి

ఆదివారము ప్రొద్దుటనే చేతిసంచి పుచ్చుకొని రైతు బజారునకు పోవుట మన పట్టణములలో చాల కుటుంబములకు ఒక చిన్న పండుగ. మంచు విడకమునుపే చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చిన గంపలు దిగుచుండును. గోంగూర కట్టలపై నీళ్లు చిలుకువారు కొందరు, పచ్చిమిరపకాయలు రాశి పోయువారు కొందరు. బెండకాయ కొన విరిచి లేతదనము చూచు ఇల్లాలు ఒకవైపు, "ఒక్క కొత్తిమీర కట్ట కొసరు వేయమ్మా" అని బ్రతిమాలు పెద్దమనిషి ఒకవైపు. ద్వారము చెంత బల్లపై ఆనాటి ధరలు. శీతకాలమున చిక్కుడుకాయలు, వేసవిలో ముంజలు, మామిడికాయలు, వానలు వెనుకబట్టునప్పటికి సీతాఫలములు. ఋతువు మారినదని పంచాంగము కంటె ముందు బజారు చెప్పును.

ఇంటికి చేరి తెచ్చినవన్నియు క్రింద పెట్టినచో రెండు కుప్పలు తేలును. ఒకటి కూరగాయల కుప్ప. రెండవది వాటిని మోసితెచ్చిన పలుచని ప్లాస్టిక్కు సంచుల కుప్ప. మొదటిది రెండుమూడు దినములలో వండి తినబడును. రెండవది మన మనుమలనాటికి కూడ మట్టిలో మట్టి కాక మిగిలియుండును. సంత మన దేశమున అతి ప్రాచీనమైన ఏర్పాటు. ఈ సంచి నిన్నమొన్నటిది. ఈ రెండింటి చరిత్రలు ఎక్కడ కలిసినవో, ఎట్లు చిక్కుపడినవో, ఆ చిక్కు విప్పు దారి ఏదియో నేడు కొంత విచారింతము.

సంత అను మాట మన ఊళ్ల పేర్లలోనే నిలిచియున్నది. శ్రీకాకుళము వైపున సంతబొమ్మాళి, సంతకవిటి, ఒంగోలు వైపున సంతనూతలపాడు, సంతమాగులూరు. ఏలూరు ప్రక్కన శనివారపుపేట, కర్నూలులో బుధవారపేట వారముల పేర్లతోనే పిలువబడుచున్నవి. తెలంగాణమున దీనినే అంగడి అందురు. వారమునకొక దినము, ఒక చెట్లతోపునందో చెరువుగట్టు క్రిందనో చుట్టుపట్ల ఊళ్లవారు కూడి, తాము పండించినది అమ్మి, తమకు లేనిది కొని, ప్రొద్దు వాలునప్పటికి ఇండ్లకు మరలుచుండిరి. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము పరదేశపు వర్తకులకు, ఓడ పగిలి సరకు ఒడ్డున పడినను దానిని అపహరింపము, నిర్ణీతమైన సుంకము మాత్రమే గ్రహింతుమని మాట ఇచ్చినది. అది సముద్రవ్యాపారమునకు సంబంధించినదే అయినను, అమ్మకమునకు నమ్మకమే పునాది అను సూత్రము ఆనాటి పాలకులు ఎరిగియుండిరని దానివలన తెలియుచున్నది.

ఈ సంతలకు మనము అంతగా గమనింపని గుణము మరియొకటి కలదు. ఉదయమున వేలమంది చేరిన ఆ స్థలమున సాయంకాలమునకు మిగులునది ఆకులలములు, గడ్డి, పేడ. పశువులు కొంత మేయును, తక్కినది ఎరువగును. ఉప్పు, పప్పు, బెల్లము ఆకులలోనో కాగితపు పొట్లములలోనో కట్టబడుచుండెను. నూనెకు సీసా ఇంటినుండియే పోవును. కూరలకు గోనెసంచియో, పాత పంచె చెంగుతో కుట్టిన గుడ్డసంచియో పోవును. సంతకు పోయిన సంచి సంతనుండి తిరిగి వచ్చి, గోడ మేకునకు వ్రేలాడి, మరుసటి వారము మరల పోవుచుండెను. ఇంటికి వచ్చునది సరకే గాని దాని చొక్కా కాదు.

ఇంటిలోపలి వ్యవస్థయు అట్టిదే. బియ్యము కడిగిన నీరు కుడితికుండలోనికి, పొయ్యిలోని బూడిద అంట్లకు, విస్తరాకులు దిబ్బమీదికి, నేతచీర చిరిగినచో పసిబిడ్డ ఊయలకు, ఊయల చిరిగినచో బొంతలోనికి, బొంత చిరిగినచో మసిగుడ్డకు. ఇంటిలో పనికిరానిది వీధిలో పనికివచ్చెడిది. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయువాడు, చిల్లుపడిన బిందెకు మాటు వేయువాడు, చాటలు అల్లువారు, పాత ఇనుము, సీసాలు, కాగితములు తూకమునకు కొనువాడు వరుసగా వచ్చుచుండిరి. తరువాతి కాలమున పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చు స్త్రీలు తలపై గంపలతో వీధి వీధి తిరిగిరి. మా బాల్యమున దువ్వెనకు చుట్టుకొన్న వెంట్రుకలను సైతము ఉండచుట్టి గోడ సందున దాచి, సవరముల కొరకు వాటిని కొను మనిషి రాగానే ఇచ్చి పిన్నీసులో బుగ్గలో పుచ్చుకొనుచుండిరి. ఆ బుగ్గ కొరకు ఇంటిలోని పిల్లల తగవు తీర్చుట పెద్దలకు నిత్యకృత్యము.

ఈ చిత్రమునకు బంగారుపూత పూయుట న్యాయము కాదు. పాతవస్తువులు ఏరువారికి గౌరవము లేకుండెను. పట్టణములలో మరుగుదొడ్ల మలినమును మనుష్యులే తలపై మోయు దురాచారము ఉండెను. దానిని నిషేధించుచు 1993లో ఒక చట్టము, అది చాలనందున 2013లో వేరొక చట్టము చేయవలసివచ్చెను. పూర్వులు పారవేయనిది ఎక్కువ భాగము ధర్మబుద్ధిచేత కాదు, లేమిచేత. ఇది ఒప్పుకొందము. అయినను ఆ వ్యవస్థయందు ఒక సూత్రము కలదు: ఇంటిలోనికి వచ్చిన ప్రతి వస్తువునకు రెండవ కొనుగోలుదారుడొకడు ఎక్కడనో ఉండెను. ఆ రెండవవాడు ఉన్నంతవరకు అది చెత్త కాదు. వాడు లేని వస్తువు పుట్టిననాడు చెత్త పుట్టినది.

ఇక సంత కథకు వత్తము. పంట పెరిగి, పట్టణములు పెరిగి, రైతునకు కొనువానికి నడుమ దళారులు పెరిగిరి. తువ్వాలు క్రింద చేతులు కలిపి, వ్రేళ్లు నొక్కి ధర తేల్చు పద్ధతి చాల మార్కెట్లలో ఉండెను. సరకు తనదైనను ఎంతకు పోయినదో రైతునకు చిట్టచివరకు గాని తెలియదు. తూకములో కోత, రుసుములలో కోత, దానధర్మముల పేరిట కోత. దీనిని అరికట్టుటకు బేరారులో 1897లో పత్తి, ధాన్యపు మార్కెట్ల చట్టము వచ్చెను. హైదరాబాదు సంస్థానమున 1930లో, మద్రాసు రాజధానిలో 1933లో మార్కెట్ చట్టములు వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1966లో రాష్ట్రమంతటికి ఒకే చట్టము చేయబడెను. ఇవి పత్తి, వేరుసెనగ, ధాన్యము వంటి టోకు సరకులకు కొంత మేలు చేసినవి. కాని రెండు గంపల వంకాయలతో పట్టణమునకు వచ్చు చిన్నరైతునకు టోకు మార్కెట్టు అందని ద్రాక్షయే. వంకాయ రేపటికి నిలువదు. నిలువని సరకు కలవానికి బేరమాడు బలము ఉండదు.

ఈ లోపమును పూరించుటకై 1999 జనవరి 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతు బజారులను ప్రారంభించెను. పంజాబులో 1987లోనే "అప్నీ మండీ" అను పేర ఇట్టి ప్రయత్నము జరిగియుండెను. తమిళనాట 1999 నవంబరు 14న మదురైలో "ఉళవర్ సందై" తెరువబడెను. మన రైతు బజారు నియమములు సరళమైనవి. కూరగాయలు పండించు రైతునకు గుర్తింపు కార్డు ఇత్తురు. స్థలమునకు అద్దె లేదు. త్రాసు బజారువారే సమకూర్తురు. ప్రతి ఉదయము టోకు ధరను, బయటి చిల్లర ధరను చూచి, టోకు కంటె ఎక్కువగా, చిల్లర కంటె తక్కువగా ఒక నడిమి ధర నిర్ణయించి బల్లపై వ్రాయుదురు. తువ్వాలు క్రింద దాగిన ధర ఎట్టకేలకు పదిమంది కన్నుల యెదుటికి వచ్చినది. ఇది చిన్న విషయము కాదు.

ధర వెలుగులోనికి వచ్చినది. కాని అదే కాలమున సంచి మాయమైనది.

పాలిథీను అను పదార్థము 1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్ పట్టణమున ఒక రసాయనశాలలో, వేరొక ప్రయోగము చేయుచుండగా అనుకోకుండ దొరికినది. రెండవ ప్రపంచయుద్ధమున రాడారు తీగలకు తొడుగుగా అది ఉపకరించెను. 1965లో స్వీడను దేశపు సెలోప్లాస్ట్ సంస్థ, స్టెన్ గుస్తాఫ్ థూలిన్ అను ఇంజనీరు రూపొందించిన, రెండు చేతిపట్టులు గల ఏకఖండపు ప్లాస్టిక్కు సంచికి పేటెంటు పొందెను. నేడు లోకమంతట వ్రేలాడుచున్నది ఆ సంచియే. ఆయన కుమారుడు తరువాత చెప్పిన మాట మనము గుర్తుంచుకొనదగినది. కాగితపు సంచుల కొరకు చెట్లు నరుకబడుచున్నవని, మరల మరల వాడదగిన తేలికసంచి ఒకటి ఉండిన మేలని ఆయన తలంచెనట. తాను ఎల్లప్పుడు ఒక సంచి మడిచి జేబులో ఉంచుకొనుచుండెనట. అనగా ఈ సంచి పుట్టినది కూడ సంతకు పోయి తిరిగి వచ్చుటకే. ఒకమారు వాడి పారవేయుట దానిని చేసినవాని ఊహ కాదు. ఉచితముగా లభించుటచేత మనకు అబ్బిన అలవాటు.

తరువాతి దశాబ్దములలో సంచితోపాటు ప్యాకెట్లు వచ్చెను. ఒక్కమారు తలస్నానమునకు సరిపడు షాంపూ, ఒక చిన్నవాని చిరుతిండి, ఒక పూట టీపొడి — అన్నియు తళతళలాడు చిన్న పొట్లములలో అమ్మబడెను. కూలిచేసి బ్రతుకువానికి కూడ అందు ధరలో వస్తువు దొరకుట మంచిదే. కాని ఆ పొట్లమునకు రెండవ కొనుగోలుదారుడు లేడు.

ఎందువలన లేడో మాకు ఒకమారు ప్రత్యక్షముగా తెలిసినది. ఇంటిలో పొడిచెత్తను కొన్ని నెలలపాటు ఒక గోనెసంచిలో కూర్చి, పాత సామానులు కొను మనిషిని పిలిచితిమి. అతడు వీధి అరుగుపై సంచి కుమ్మరించి వేరుచేయ మొదలిడెను. వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, ఇనుపముక్కలు, నీళ్లసీసాలు, కడిగి ఆరవేసిన పాలకవర్లు తనవైపునకు లాగుకొనెను. చిరుతిండి ప్యాకెట్లు, పేస్టు గొట్టములు, మాత్రల పట్టీలు, తెల్లని థర్మోకోలు, పగిలిన పింగాణి, మాడిపోయిన ట్యూబులైటు మావైపునకు త్రోసెను. "ఇవి ఎవ్వరూ కొనరండీ; మోసినా దండగే" అనెను. విశ్వవిద్యాలయములో మేము చదువుకొన్న అర్థశాస్త్రము కంటె ఆ అరుగు మీది పాఠము స్పష్టముగా ఉండెను. తిరిగి వాడుకకు లొంగని చెత్త అనగా ఆ మనిషి మావైపునకు త్రోసిన కుప్పయే.

ఆ కుప్పలోని ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క చిక్కు కలదు. ఇనుము కరగించిన ఇనుమే యగును. చిరుతిండి ప్యాకెట్టు అట్లు కాదు. చెమ్మ, గాలి, వెలుతురు లోనికి పోకుండుటకై భిన్నజాతుల ప్లాస్టిక్కు పొరలను, లోహపు పూతను ఒకదానిపై నొకటి అంటించి దానిని చేయుదురు. విడదీయుటకు వీలులేని ఆ బంధమే దానిని మరల వాడనీయదు. మాత్రల పట్టీలో ప్లాస్టిక్కు, అల్యూమినియము కలిసియుండును. పండ్లరసముల అట్టపెట్టెలో అట్ట, ప్లాస్టిక్కు, పలుచని అల్యూమినియపు రేకు మూడును ఉండును. నీటిలో బాగుగా చిలికినచో అందలి అట్ట గుజ్జుగా విడిపోవును గాని, దానికి తగిన యంత్రములు గల కర్మాగారమునకు అది చేరవలెను. థర్మోకోలులో నూటికి తొంబదియైదు పాళ్లకు మించి గాలియే. బండినిండ మోసినను తూకమునకు ఏమియు రాదు. ట్యూబులైటులో పాదరసపు ఆవిరి, కొన్ని ఘటములలో సీసము, పాత సెల్‌ఫోనులలో విలువైన లోహములతోపాటు విషపదార్థములు. ఇవి తక్కిన చెత్తతో కలిసినచో తక్కినదానిని కూడ చెఱచును.

త్రోయబడిన ఈ వస్తువులు ఎక్కడికి పోవును? ఊరి వెలుపలి గుట్టకు పోవును, కాలువకు పోవును, పశువు కడుపులోనికి పోవును. 1994 సెప్టెంబరులో సూరతు నగరమున ప్లేగుభీతి వ్యాపించి లక్షలమంది ఊరు విడిచిపోయినప్పుడు, వరదనీటిలో కుళ్లిన చెత్తగుట్టలు దేశమంతట చర్చకు వచ్చెను. మన రాయలసీమలో పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీ అను జంతుసంరక్షణ సంస్థ, శస్త్రచికిత్సలో ఆవుల కడుపులనుండి పదుల కిలోల ప్లాస్టిక్కు వెలువడుట చూచి, 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించెను. కూరల తొక్కలు పోసి ముడివేసి పారవేసిన సంచిని ఆవు విప్పలేదు. సంచితో సహా మ్రింగును. కూర తెచ్చిన సంచియే గోమాతకు ఉరియగుట మన సంప్రదాయమునకు శోభ కాదు. ఇక హైదరాబాదు శివారున జవహర్‌నగర్ చెత్తగుట్టనుండి ఊరిన మురుగు మల్కారము చెరువును పాడుచేసినది. ఆ ప్రాంతపు ప్రజలు దుర్గంధమును గూర్చి, నీటిని గూర్చి ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి. మన ఇంటి శుభ్రతకు వేరొక ఊరు వెల చెల్లించుచున్నదని దీని అర్థము.

ప్రభుత్వము ఊరకుండలేదు. 1996లో సుప్రీంకోర్టులో దాఖలైన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యము ఫలితముగా 2000లో పురపాలక ఘనవ్యర్థముల నియమములు వచ్చెను. 2016 నాటి నియమములు ఇంటిలోనే తడి, పొడి, హానికర వ్యర్థములను మూడుగా వేరుచేయవలెనని విధించెను. సంచి మందమునకు 1999లో 20 మైక్రానులు కనీసమని నిర్ణయించిరి. అది 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు చివర 75, 2022 డిసెంబరు చివర 120 మైక్రానులకు పెంచబడెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ భాగము. మందముతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. పలుచని సంచి చవుక, కనుక ఉచితముగా ఇత్తురు. తేలిక, కనుక ఏరువానికి గిట్టదు. మందపు సంచి ఖరీదైనది, కనుక ఊరక ఈయలేరు. బరువైనది, కనుక దానిని కొనువాడు ఉండును. అనగా ఆ అంకెల వెనుక ఉన్నది రెండవ కొనుగోలుదారుని మరల పిలుచు ప్రయత్నమే. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్కు పళ్లెములు, గొట్టములు, అలంకారపు థర్మోకోలు మొదలగు ఒకమారు వాడు వస్తువులు కొన్ని నిషేధింపబడెను. పాత విద్యుత్ పరికరములను తిరిగి గ్రహించు బాధ్యత చేసినవారిపైననే ఉంచు నియమములు 2011లో మొదలైనవి.

చట్టము కంటె ముందు నడచిన ఊళ్లును కలవు. 2003 ప్రాంతమున సూర్యాపేట పురపాలక సంఘము ఇంటింట తడిచెత్తను, పొడిచెత్తను వేరుగా సేకరించి, తడిదానిని వానపాముల ఎరువుగా మార్చి, పొడిదానిని అమ్మి, దేశము నలుమూలల నుండి వచ్చినవారికి పాఠశాలయైనది. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్, తునకలు చేసిన ప్లాస్టిక్కును వేడి కంకరపై చల్లినచో అది కరగి రాతికి పూతవలె అంటుకొనుననియు, అట్టి కంకరపై తారు బాగుగా పట్టుననియు చూపెను. ఎవ్వరును కొనని ప్యాకెట్లకు కూడ ఇందు చోటు కలదు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించినది. తక్కినది సిమెంటు బట్టీలకు ఇంధనముగా పోవుచున్నది. అచట వేడి 1,400 డిగ్రీలకు మించుటచేత వీధిలో తగులబెట్టినప్పటి విషపుపొగ అంతగా పుట్టదు. కాని కాల్చుట కడపటి ఉపాయమే గాని తిరిగి వాడుట కాదు.

కూరగాయల మార్కెట్టే తన చెత్తను తాను జీర్ణించుకొన్న ఉదాహరణము మనకు ఇంటిప్రక్కనే కలదు. సికిందరాబాదు బోయినపల్లి మార్కెట్టులో రోజునకు పది టన్నుల వరకు కూరగాయల వ్యర్థము పోగగుచుండెను. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో దానిని గాలి చొరని తొట్లలో మురుగబెట్టి, వెలువడిన వాయువుతో విద్యుత్తు ఉత్పత్తి చేసిరి. రోజునకు సుమారు 500 యూనిట్లు వచ్చుచున్నవని, మార్కెట్టు దీపములు దానితో వెలుగుచున్నవని ప్రధానమంత్రి 2021 జనవరి 31న "మన్ కీ బాత్" రేడియో ప్రసంగమున ప్రస్తావించిరి. కుళ్లిన టొమాటో దీపమైనది. అయితే ఆ తొట్టిలో ఒక ప్లాస్టిక్కు సంచి పడినచో యంత్రము గొంతు పట్టుకొనును. అచటను వేరుచేయుటయే మొదటి పని.

2019 అక్టోబరులో ములుగు జిల్లాలో కిలో ప్లాస్టిక్కునకు కిలో బియ్యమిచ్చు కార్యక్రమము నడచెను. పాతబట్టలకు గిన్నెలిచ్చిన గంపలమ్మ నీతియే అది. సిద్దిపేట జిల్లా గ్రామములలో మహిళాసంఘములు స్టీలు పళ్లెములు, గ్లాసులు కొని, పెండ్లిండ్లకు అద్దెకిచ్చు "స్టీలు బ్యాంకులు" నెలకొల్పినవి. విస్తరిని పారవేయు విందు పోయి, కడిగి దాచు విందు వచ్చినది.

ఇన్ని చెప్పినను, ఈ విషయమునకు తాళపుచెవి వంటి మాటను మేము ఒక రైతు బజారులోనే వింటిమి. బజారు సందడిని శ్రోతలకు వినిపించుటకై శబ్దగ్రహణ యంత్రముతో ఒక ఉదయము పోయియుంటిమి. పని ముగించుకొని, ఒక వృద్ధురాలి వద్ద రెండు కిలోల దొండకాయలు తూపించితిమి. సంచి తీసికొని పోలేదు. కవరు ఇమ్మని అడిగితిమి. ఆమె తల యెత్తి మావైపు చూచి, "బాబూ, కూర నాదే, మోత నాదే, కవరు కూడా నాదేనా? బోర్డు మీద దొండకాయకే ధర రాసారు గానీ కవరుకు రాయలేదు" అనెను. కోపముగా అనలేదు, లెక్కగా అనెను. మేము సిగ్గుపడి, యంత్రము వచ్చిన గుడ్డసంచి ఖాళీచేసి దానిలో దొండకాయలు పోయించుకొంటిమి.

ఆ తరువాత ఆలోచింపగా ఆ లెక్క ఎంత నిజమో బోధపడినది. రైతు బజారులో ధర ముందే నిర్ణీతము. దుకాణదారుడు సంచి ఖరీదును సరకు ధరలో కలుపుకొనును. రైతునకు ఆ వీలు లేదు. మనము ఉచితమనుకొను ప్రతి సంచి ఆమె రాబడిలోని కోత. ఏ తూకపు కోతనుండి, ఏ రుసుముల కోతనుండి రైతును కాపాడుటకు బజారు పుట్టినదో, ఆ కోతనే మనము మరియొక రూపమున మరల ప్రవేశపెట్టుచున్నాము. వట్టిచేతులతో బజారునకు పోవుట పరిసరములకే గాక పండించినవానికి కూడ అపచారము.

కనుక గృహస్థులు చేయదగినది కష్టమైనది కాదు. బజారునకు రెండు గుడ్డసంచులు, చేప కొనువారైనచో మూతగల డబ్బా, ఆకుకూరలకు ఒక తడిగుడ్డ. ఇంటిలో తడిచెత్తకు ఒక బుట్ట. అది పెరటిలోనో కుండీలోనో ఎరువై, మరల తోటకూరయై మన పళ్లెములోనికి వచ్చును. కాగితము, సీసా, పాలకవరు కడిగి ఆరవేసి పాతసామానుల వానికి. అతనితో పైసలకు పేచీ పెట్టరాదు. పట్టణమునకు అతడు చేయు ఉపకారమునకు మనము జీతమిచ్చుట లేదు. ఎవ్వరును కొననివానికి వేరొక సంచి: ప్యాకెట్లు, పట్టీలు, గొట్టములు పొడిగా ఉంచి పురపాలక సంఘపు పొడిచెత్త కేంద్రమునకు. ఘటములు, ట్యూబులైట్లు, కాలము తీరిన మందులు, పగిలిన ఉష్ణమాపకము వీటిలో కలుపరాదు. వాటిని విడిగా కట్టి, హానికర వ్యర్థమని చెప్పి చేతికి ఈయవలెను. ముట్టువస్త్రములను, పసిబిడ్డల డయపర్లను కాగితమున చుట్టి గుర్తుపెట్టి ఈయవలెను. వాటిని విప్పి చూడవలసినది ఒక మనిషి చేయి యని మరువరాదు.

ఆ ఎవ్వరును కొనని సంచిని నెలకొకమారు విప్పి చూచుట మంచి అలవాటు. ఏ వస్తువుతో అది నిండుచున్నదో ఆ వస్తువును కొనుట తగ్గింపవచ్చును. మా ఇంట అది చాలవరకు చిరుతిండి ప్యాకెట్లతో నిండుచుండెను. ఇపుడు ఆదివారము బజారునుండి పచ్చి వేరుసెనగకాయలు తెచ్చి ఉడికించుచున్నాము. పిల్లలు మొదట మూతులు ముడిచిరి. ఇపుడు వలుచుటకు పోటీపడుచున్నారు. ఆ తొక్కలు కుండీలోనికి పోవుచున్నవి.

పూర్వుల కాలము తిరిగి రాదు, రానక్కరయు లేదు. వారి లేమి మనకు వలదు. వారు తగ్గించి చూచిన మనుష్యుల అవమానమును వలదు. కాని వారి సంతలోని ఒక మర్యాద మనకు కావలెను. కొనినది ఇంటికి, సంచి మేకునకు, తొక్క మట్టికి, పాతది మరియొకని చేతికి. ఈ నాలుగు దారులు తెరచియున్న ఇంటినుండి ఊరి వెలుపలి గుట్టకు పోవునది స్వల్పము.

వచ్చే ఆదివారము బజారునకు బయలుదేరునప్పుడు, రేడియోలో బజారు ధరలు విని, తలుపు వెనుక మేకువైపు ఒకమారు చూడుడు. సంచి అచట ఉన్నచో చేత పట్టుకొని పొండు. లేనిచో పాత చీరచెంగుతో ఒకటి కుట్టుకొనుడు. దొండకాయలమ్మ ముఖము చూచి తలవంచుకొనవలసిన పని మాత్రము మీకు ఉండదు.